పట్టు – విడుపు : గ్రీకు బైబిలులోని ఒక క్రియాపదమును గూర్చి

"క్షమింపుము" అని దేవుని సన్నిధిని గాని, తోడి మనుష్యుని యెదుట గాని వేడుకొనునప్పుడు మనము నిజముగా దేనిని కోరుచున్నాము? ఎదుటివాని కోపము చల్లారవలెననియా? జరిగినదానిని అతడు మరచిపోవలెననియా? లేక మన మీద అతనికి గల హక్కును వదలుకొనవలెననియా? ఈ మూడును ఒకటి కావు. కోపము చల్లారినను హక్కును వదలనివారు కలరు. ఒక్క అక్షరమైనను మరువకయే హక్కును వదలినవారును కలరు. ఈ ప్రశ్నను ఆలోచించుటలో నాకు మిక్కిలి తోడ్పడినది క్రైస్తవుల క్రొత్త నిబంధనలోని ఒక గ్రీకు క్రియాపదము. దాని పేరు "అఫియేమి".

మన సంచికలో గ్రీకు మాట యేల అని పెద్దలు కొందరు అడుగవచ్చును. ఆంధ్ర సంతతివారిలో క్రైస్తవులు నిన్న మొన్న ఏర్పడినవారు కారు. 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు నేటాలునకు వచ్చి, కియర్స్నీ తేయాకు తోటలలో పాటుపడుచుండిన మన కూలీల నడుమ తెలుగు బాప్టిస్టు సంఘమును నెలకొల్పిరి. నాటి నుండియు ఒకే యింటి అన్నదమ్ములలో ఒకరు గుడికిని, ఒకరు చర్చికిని పోవుట మనకు వింత కాదు. వారు చదువు బైబిలును మనము చదువు భాగవతమును ఒకే తెలుగులో నున్నవి. కనుక ఒకరి గ్రంథములోని మాట రెండవవారికి పరాయిది కానక్కరలేదు. పైగా ఈ మాటకు మన తెలుగులో తోబుట్టువు వంటి క్రియ యొకటి కలదు. అది వెనుక తేలును.

ఈ గ్రీకు క్రియ రెండు భాగముల కూడిక. "అపొ" అనగా ఒకచోటి నుండి, దూరముగా. "హియేమి" అనగా పంపుట. రెండును చేరినపుడు "తన వద్ద నుండి పోనిచ్చుట" అను అర్థము పుట్టినది. క్రీస్తునకు అనేక శతాబ్దములకు పూర్వమే గ్రీకులు దీనిని వాడుచుండిరి. బాణమును విడుచుట ఈ క్రియయే. నేరము మోపబడినవానిని న్యాయస్థానము విడుదల చేయుటయు ఈ క్రియయే. దీని నుండి "అఫెసిస్" అను నామము పుట్టినది. గుఱ్ఱపు పందెములలో గుఱ్ఱములను ఒక్కసారిగా వదలు స్థలమునకు గ్రీకులు ఆ పేరే పెట్టిరి. క్రొత్త నిబంధనలో ఈ క్రియ సుమారు 140 మార్లు వచ్చును. అందులో అధిక భాగము నాలుగు సువార్తలలోనే కలదు. అది దేవాలయమునకు ప్రత్యేకించిన పవిత్ర పదము కాదు. బజారులోను, పొలములోను, ఇంటిలోను తిరుగాడు మాట.

సీమోను, అంద్రెయ అను జాలరులు తమ వలలను విడిచి యేసు వెంట నడచిరి. పేతురు అత్తగారికి జ్వరము కాయగా యేసు ఆమె చేయి పట్టుకొనెను, జ్వరము ఆమెను విడిచెను. చిన్నపిల్లలను తన యొద్దకు రానిండని ఆయన శిష్యులతో చెప్పెను. గోధుమలలో కలుపు మొలచినపుడు, ఇప్పుడు పీకిన గోధుమయు ఊడివచ్చును, కోతకాలము వరకు రెంటిని పెరుగనిండని ఒక కథలోని యజమాని పాలేరులతో అనెను. మూడేండ్లుగా కాపు లేని అంజూరపు చెట్టును నరికివేయుమని మరియొక యజమాని ఆజ్ఞాపింపగా, చుట్టును త్రవ్వి ఎరువు వేసెదను, ఈ యొక్క యేడు ఉండనిమ్మని తోటమాలి వేడుకొనెను. బలిపీఠము వద్దకు కానుక తెచ్చినవానికి సోదరుని మనస్సులో తనపై నొప్పి యున్నదని జ్ఞప్తికి వచ్చిన యెడల, కానుకను అక్కడనే విడిచి, పోయి మొదట అతనితో సమాధానపడవలెనని కొండ మీది ప్రసంగములో కలదు. సిలువ మీద యేసు ప్రాణము విడిచెనని మత్తయి వ్రాసెను. పక్షవాత రోగితో అతని పాపములు విడువబడినవని యేసు పలికెను. పైని చెప్పిన ప్రతి చోటను గ్రీకులో నున్నది అఫియేమి యొక్కటే.

తెలుగు అనువాదకులు సందర్భమును బట్టి దీనిని విడుచుట, వదలుట, ఉండనిచ్చుట, క్షమించుట అని పలు మాటలుగా విభజించిరి. అది వారి లోపము కాదు. ఏ భాషలోనైనను అట్లు చేయక తప్పదు. అయినను మన "విడుచు" ధాతువు ఆ గ్రీకు క్రియ వెంట ఎంత దూరము నడువగలదో చూచిన ఆశ్చర్యము కలుగును. గుడి ముంగిట చెప్పులు విడిచెదము. ఊరు విడిచెదము. ఊపిరి విడిచెదము. బాణము విడిచెదము. ఖైదీకి విడుదల యందుము. భార్యాభర్తలు వేరుపడిన విడాకులు అందుము. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో భర్త భార్యను విడువరాదని చెప్పుచోట వాడినది కూడ ఈ గ్రీకు క్రియయే. చనిపోయినవాడు ప్రాణము విడిచెననుట మనకు నుడికారము. మత్తయి గ్రీకులో పలికినదియు అదియే. దేవాలయ తరగతిలో "విడుచు" ధాతువునకు రూపములు వల్లెవేసిన మనలో నెవరైనను అది ఇంతటి బరువును మోయగలదని తలచియుండరు.

ఈ క్రియ తనంతట తాను మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. దీనిని మాత్రము ఉపదేశకులు తఱచుగా దాటిపోవుదురు. గెత్సేమనే తోటలో సైనికులు యేసును పట్టుకొనగానే శిష్యులందరు ఆయనను విడిచి పారిపోయిరి. పాపమును విడుచుటకు వాడిన మాటయే గురువును విడుచుటకును వాడబడినది. పుదీనాలోను జీలకఱ్ఱలోను పదవ వంతు లెక్కపెట్టి దేవునికి చెల్లించుచు, న్యాయమును, కనికరమును, విశ్వాసమును విడిచిపెట్టిన వారిని యేసు గద్దించినపుడు కూడ ఈ మాటయే వచ్చినది. యాకోబు, యోహానులు తమ తండ్రియైన జెబెదయిని పడవలో కూలివారితో విడిచి వెళ్లిరని మార్కు వ్రాసెను. ఆ తండ్రి ఏమనుకొనెనో వ్రాయలేదు. కూలి ఒప్పందముపై మద్రాసు రేవులో ఓడ యెక్కిన మన పూర్వుల వెనుక కూడ ఎందరో జెబెదయిలు గట్టున నిలిచియుందురు. వారిని విడిచిరి అందుమా, విడువవలసి వచ్చెను అందుమా? క్రియ ఈ భేదమును చెప్పదు. దేనిని విడిచిరి, ఎవరి కొఱకు విడిచిరి, విడుచుటకు వారి చేతిలో స్వేచ్ఛ యుండెనా అను ప్రశ్నలను వేసికొనిన గాని ధర్మాధర్మములు తేలవు.

ఇక "అఫెసిస్" అను నామమును చూతము. ఐగుప్తు దేశపు ఇసుకలో దొరికిన ప్రాచీన పత్రములలో కాలువలోనికి నీటిని వదలుటకు ఈ మాట వాడబడినది. గోదావరి కాలువల ప్రక్క పుట్టిన పెద్దల సంతానమునకు దీనిని వివరింప నక్కరలేదు. తూము తెరచినపుడు నీరు పోవునది పైవాని పొలము నుండి క్రిందివాని పొలమునకే. యూదుల ధర్మశాస్త్రమును క్రీ.పూ. మూడవ శతాబ్దములో గ్రీకు భాషలోనికి మార్చిన పండితులు, ఏడేండ్లకొకమారు అప్పులను కొట్టివేయు ఏర్పాటునకు ఈ మాటనే ఎన్నుకొనిరి. యాబదియవ సంవత్సరమున అమ్ముడుపోయిన భూమి మొదటి కుటుంబమునకు చేరుటకును, అప్పునకు అమ్ముడుపోయినవాడు తనవారి యొద్దకు తిరిగిపోవుటకును ఇదే మాట. ఆ శాస్త్రమును వ్రాసినవారికి లోకజ్ఞానము మెండు. ఏడవ యేడు దగ్గరపడుచున్నదని తలచి పేదవానికి అప్పు ఇయ్యక ముఖము త్రిప్పుకొనువానిని ద్వితీయోపదేశ కాండము ముందుగానే హెచ్చరించినది. విడువవలసి వచ్చునని తెలిసినవాడు చేయి చాచుటకే జంకును.

యాబదియవ యేటి కథ చదువునపుడెల్ల నాకు నేటాలు చట్టమొకటి స్ఫురించును. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వరకు వచ్చిన కూలీలకు ఒప్పందము అయిదేండ్లు. అటుపిమ్మట వారు స్వతంత్రులు. కాగితము మీద అది అఫెసిస్. కాని 1895లో నేటాలు ప్రభుత్వము ఒక శాసనము చేసి, దాని క్రిందికి వచ్చినవారు గడువు తీరిన పిమ్మట తిరిగి ఒప్పందము వ్రాయకయు, స్వదేశమునకు పోకయు ఇక్కడనే నిలిచిన యెడల ఏటేట మూడు పౌనుల పన్ను చెల్లింపవలెనని విధించెను. తొలి యేట కూలి నెలకు పది షిల్లింగులు. ఆ లెక్కను మూడు పౌనులనగా ఆరు నెలల కూలి. కొన్నాళ్లకు ఎదిగిన బిడ్డల మీదను ఆ పన్ను పడెను. చేయి తెరచినట్లు కనబరచి వ్రేళ్లను మాత్రము బిగించియుంచు విద్య ఇది. 1913లో గనులలోను, చెఱకు తోటలలోను జరిగిన సమ్మె తరువాత 1914 చట్టముతో ఆ పన్ను తొలగెను. అందాక పన్ను కట్టలేక మరల ఒప్పందమునకు వ్రేలిముద్ర వేసిన వారిని స్వేచ్ఛగా ఉండిపోయిరని వ్రాయు చరిత్రకారులు "విడుదల" అను మాటను ఇంకొంచెము జాగ్రత్తగా వాడవలెను.

అప్పు అను భావము ఈ క్రియకు గుండెకాయ. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో, మత్తయి ప్రకారము, తమకు అచ్చియున్నవారిని తాము విడిచినట్లు తమ అప్పులను విడువుమని వారు దేవుని వేడవలెను. లూకా అదే ప్రార్థనలో మొదటి చోట అప్పులకు బదులు పాపములని వ్రాసెను, రెండవచోట మాత్రము అచ్చియున్నవారని అప్పు మాటనే నిలిపెను. యేసు మాటలాడిన అరామిక భాషలో అప్పునకును పాపమునకును ఒకే పదము కలదు. తెలుగు బైబిలు ఇచ్చట ఋణములు అను మాటను చక్కగా ఉంచియు, క్రియను మాత్రము "క్షమించు" అని వేసినది. మన పల్లెలలో అప్పును ఎవరును క్షమింపరు. అప్పును విడిచిపెట్టుదురు, లేదా కొట్టివేయుదురు. "ఋణములు విడువుము" అని యుండిన, ఆ ప్రార్థన చేయువాని చెవిలో పద్దుల పుస్తకము మూసిన చప్పుడు వినబడియుండును అని నా తలంపు. పౌలు లేఖలలో క్షమించుటకు "ఖరిజొమై" అను వేరొక క్రియ తఱచుగా కనబడును. అది కృప అను అర్థము గల పదము నుండి పుట్టినది. దాని సంగతి వేరొకమారు.

మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో ఒక రాజు కథ కలదు. రాజునకు పదివేల తలాంతులు అచ్చియున్న దాసుని, అతని భార్యాబిడ్డలను అమ్మివేయుడని ఆజ్ఞ అయినది. దాసుడు సాగిలపడి గడువు కోరెను. రాజు కనికరించి అప్పునే విడిచెను. ఆ దాసుడు బయటికి పోగానే తనకు నూఱు దేనారములు అచ్చియున్న తోడి దాసుని గొంతు పట్టుకొనెను. దేనారము ఒక దినపు కూలి. తలాంతు ఆరువేల దేనారములు. అనగా మొదటి అప్పు ఆరు కోట్ల దినముల కూలి, రెండవది నూఱు దినముల కూలి. ప్రసంగించువారు ఈ నూఱు దేనారములను గవ్వ విలువ లేనివిగా చెప్పుదురు. నేను ఒప్పుకొనను. నూఱు దినముల కూలి పేదవానికి చిన్నది కాదు, చెఱకు కొట్టిన వారి మనుమలకు ఇది తెలియును. కథలోని బలము కూడ అందే కలదు. విడువవలసినది నిజముగా విలువ గలదియే. విలువ లేనిదానిని విడుచుటకు దేవుడెందుకు, ధర్మమెందుకు? కథ చివర రాజు తాను విడిచిన అప్పును మరల మోపుట నన్ను నేటికిని కలవరపెట్టును. విడిచినది విడిచినట్లే గదా? దీనికి పండితులు చెప్పిన సమాధానములు ఏవియు నాకు పూర్తిగా రుచింపలేదు.

ఆ దాసుడు తోడివానిని "పట్టుకొనెను" అనుచోట గ్రీకులో "క్రాతేయో" అను క్రియ కలదు. పట్టుకొనుట, బిగించుట దాని అర్థము. అఫియేమికి ఎదురుమాట యిదియే. ఈ రెండును సువార్తలలో జతగా వచ్చు చోటులు ఇంకను కలవు. దేవుని ఆజ్ఞను విడిచి మనుష్యుల సంప్రదాయమును పట్టుకొనుచున్నారని యేసు శాస్త్రులను నిందించినట్లు మార్కు వ్రాసెను. యోహాను సువార్త చివర, శిష్యులు ఎవరి పాపములను విడిచిన అవి విడువబడుననియు, ఎవరివి పట్టియుంచిన అవి నిలిచియుండుననియు చెప్పునపుడును ఈ జతయే. మన పెద్దలు పంచాయితీలలో చెప్పు పట్టువిడుపులు అను మాటను ఇచ్చట ఉన్నదున్నట్లు ఉంచవచ్చును. క్షమ అనునది మనస్సులోని మెత్తదనము కాదు. అది పిడికిలికి సంబంధించిన పని. పట్టుకొనినవాడే విడువగలడు. పట్టు లేనివాడు విడిచితిననుట ఉత్తమాట.

నా చిన్ననాట మా వీథి చివర దుకాణము నడిపిన ఒక పెద్దమనిషి యుండెను. చక్కెర మిల్లు కూలి ఒకడు మరణింపగా, అతని పేర నున్న ఖాతా పుటను చింపి విధవరాలి చేతిలో పెట్టెనట. చాల యేండ్ల తరువాత ఆ బాకీ మొత్తమును ఆయన రాండులతో, సెంట్లతో సహా మా తండ్రికి చెప్పుట నేను వింటిని. ఆయన దేనిని మరువలేదు. ఆమె యెదుట మాత్రము ఆ ప్రస్తావన ఎన్నడును తేలేదని ఆమె పిల్లలే అందురు. మరచిపోవుటయే క్షమ అని బోధించువారు ఈయనను ఏ వరుసలో నిలుపుదురు? మరచినవానికి విడుచుటకు ఏమియు మిగిలియుండదు గదా.

మన "క్షమ" వేరొక వేరు నుండి మొలచినది. "క్షమ్" అను సంస్కృత ధాతువునకు ఓర్చుకొనుట అర్థము. అందుచేతనే భూమికి క్షమ అని పేరు. భూమి తనను త్రవ్వినవానిని ఓర్చును, అతనికి ఏమియు విడుచుట లేదు. అరణ్యపర్వములో ద్రౌపదీ ధర్మరాజుల సంవాదము మన సాహిత్యములో ఈ ప్రశ్నకు పెట్టని కోట. ధర్మరాజు క్షమను కొనియాడును. ద్రౌపది ప్రహ్లాదుడు మనుమడైన బలికి చేసిన ఉపదేశమును ఎత్తి చూపి, ఎల్లవేళల క్షమయు తగదు, ఎల్లవేళల తేజమును తగదు, కాలమెరిగి నడువవలెనని వాదించును. వ్యాఖ్యాతలు సాధారణముగా ధర్మరాజునకే మార్కులు వేయుదురు. నేను బడిపంతులుగా వేసిన ద్రౌపదికి ఎక్కువ వేయుదును. ఏలననగా, సభలో ఈడ్వబడినది ఆమె. ఆ బాకీలో ముఖ్య భాగము ఆమెకు రావలసినది. ధర్మరాజు ఓర్పు గొప్పదియే, కాని ఆయన ఓర్చుచున్నది తన నొప్పిని మాత్రమే కాదు, భార్య నొప్పిని కూడ. ఇతరుల ఖాతాలోని అప్పును మనము కొట్టివేయగలమా?

ఆ ద్రౌపదియే భాగవతము మొదటి స్కంధములో మరల కనబడును. నిద్రించుచున్న ఆమె కొడుకులను అశ్వత్థామ వధించెను. అర్జునుడు అతనిని పశువును వలె కట్టి తెచ్చి ఆమె ముందర నిలిపెను. భీముడు చంపుమనెను. ద్రౌపది విడువుమనెను. సంస్కృత మూలములో ఆమె నోట వచ్చిన ధాతువు "క్షమ్" కాదు, "ముచ్". విడుచుట దాని అర్థము. మోక్షము, విమోచనము అను మాటలు దాని బిడ్డలు. అతని తల్లి కృపి తన వలె ఏడ్వరాదని ఆమె చెప్పిన కారణము పోతన తెలుగులో చదివినవారు ఎరుగుదురు. ఆమె మరువలేదు. కొడుకుల శవముల వేడి ఇంకను చల్లారలేదు. అతడు నిర్దోషి అని ఆమె చెప్పలేదు. అప్పు తనది, పట్టు తనది, విడిచినదియు తానే. విడిచిన పిమ్మట కూడ అర్జునుడు అతని తలమణిని కోసి, శిరస్సు గొరిగించి వెడలగొట్టెను. విడుదలకును శిక్షకును నడుమ ఒక సందు కలదని భాగవతకారుడు ఎరుగును. అఫియేమికి మన సాహిత్యములో నేను చూపగల ఉత్తమోదాహరణము ఇదియే. తెలుగు బైబిలులో క్షమించు అను చోటులను కొన్నిటినైనను ఈ ముచ్ వెలుగులో చదివిన క్రైస్తవ సోదరులకును మేలు కలుగునని నా నమ్మకము.

ఈ ప్రశ్న మన దేశములో పుస్తకములలో నిలువక న్యాయస్థానమునకు ఎక్కినది. 1995 చట్టము ప్రకారము ఏర్పడిన సత్య సమాధాన సంఘము, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటుగారి అధ్యక్షతన, వర్ణవివక్ష కాలపు దుష్కృత్యములను విచారించెను. రాజకీయోద్దేశముతో నేరము చేసినవాడు సత్యమంతయు వెల్లడించిన యెడల అతనికి ఆమ్నెస్టీ లభించును. పశ్చాత్తాపము చూపవలెనను నిబంధన చట్టములో లేదు. ఏడువేల మందికి పైగా అర్జీలు పెట్టగా 849 మందికి అది దక్కెను. ఆమ్నెస్టీ అను మాటయు గ్రీకుదే. "అమ్నేస్తియా" అనగా జ్ఞప్తి లేకుండుట. క్రీ.పూ. 403లో అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట ఏథెన్సు పౌరులు గతపు కీడును తలపెట్టమని ఒట్టు పెట్టుకొనిరి. మన చట్టము మరపు పేరు పెట్టుకొని జ్ఞాపకమునే వెలగా అడిగెను. ఇది మంచి వైరుధ్యమని నేను తలచుచున్నాను. చిక్కు వేరొకచోట కలదు.

1981లో డర్బను నగరపు అంచున ఉమ్లాజిలో న్యాయవాది గ్రిఫిత్స్ మ్‌క్సెంగె హత్య చేయబడిరి. 1977లో పోలీసుల చెరలో స్టీవ్ బికో మరణించిరి. ఈ కుటుంబములవారు, మరికొందరు కలిసి, మా హక్కును మీరు విడువజాలరని 1996లో రాజ్యాంగ న్యాయస్థానమున వాదించిరి. న్యాయమూర్తి ఇస్మాయిల్ మొహమ్మదుగారు వ్రాసిన తీర్పులో వారి నొప్పిని ఒప్పుకొనియు, దేశము నూతన మార్గమున నడచుటకు రాజ్యాంగము ఈ ఏర్పాటునకు అనుమతించినదని వారి అర్జీని త్రోసివేసిరి. 1997లో మ్‌క్సెంగె హత్యకు కారకుడైన డర్క్ కోయెట్జీకి ఆమ్నెస్టీ లభించెను. బికో మృతికి సంబంధించి అర్జీ పెట్టిన పోలీసులకు 1999లో అది నిరాకరింపబడెను. రాజ్యము లేకున్న అంతర్యుద్ధమే వచ్చియుండును అని చెప్పువారి మాటను నేను తేలికగా త్రోసివేయను. నేటి తరమువారు బడికి నిర్భయముగా పోవుచున్నారనగా దానిలో ఆ బేరమునకును పాలు కలదు. అయినను రాజ్యము చేసిన పనికి అఫియేమి అని పేరు పెట్టరాదు. శిక్షింపవలసిన తన అధికారమును రాజ్యము విడిచెను. అది తనది కనుక విడువవచ్చును. కుటుంబములకు రావలసినది మాత్రము కుటుంబముల పిడికిలిలోనే యుండెను. వారిలో విడిచినవారు కలరు, విడువనివారును కలరు. విడువనివారిని సమాధానమునకు శత్రువులుగా చూచుట గొప్ప అన్యాయము.

మార్కు సువార్తలో శాస్త్రులు అడిగిన ప్రశ్నయు ఇట్టిదే. పక్షవాత రోగి పాపములు విడువబడినవని యేసు పలుకగానే, దేవుడు తప్ప ఎవరు విడువగలరని వారు మనస్సులో గొణుగుకొనిరి. క్రైస్తవ బోధకులు వారిని కఠినచిత్తులని చెప్పి దాటిపోవుదురు. ప్రశ్న మాత్రము న్యాయమైనదియే: నీది కాని అప్పును నీవు ఎట్లు విడిచెదవు? యేసు దేవుని అధికారముతో పలికెనని క్రైస్తవుల సమాధానము. ఆ సమాధానమును అంగీకరింపనివారు కూడ ప్రశ్నను అంగీకరింపవలెను.

లూకా సువార్త ఇరువది మూడవ అధ్యాయములో, సిలువ వేసినవారి కొఱకు యేసు చేసిన ప్రార్థన కలదు. అందును ఈ క్రియయే. అచ్చట ఆయన "నేను విడుచుచున్నాను" అని అనలేదు. తండ్రీ, నీవు విడువుమని కోరెను. ఎందుకు అట్లు కోరెనో వేదాంతులు పలు విధములుగా చెప్పుదురు. చేతులు రెండును మేకులతో బిగింపబడినవాడు ఆ మాటను తనకన్న పైవాని చేతిలో పెట్టెనని మాత్రము నాకు తోచును. విచిత్రమేమనగా, మిక్కిలి ప్రాచీనములైన వ్రాతప్రతులలో కొన్నిటిలో ఈ ప్రార్థన లేనే లేదు. యెరూషలేము క్రీ.శ. 70లో నాశనమైనందున ఈ ప్రార్థన ఫలింపలేదని తలచి ఎవరో లేఖకులు తీసివేసిరని కొందరు పండితుల ఊహ. యూదులపై ద్వేషముచేత తీసివేసిరని మరికొందరు. మొదట లేనిదానిని పిమ్మట చేర్చిరని ఇంకొందరు. నేటి గ్రీకు ముద్రణలలో ఆ వాక్యమును తొలగింపలేదు, మూలపాఠముగా ఒప్పుకొననును లేదు. జంట కుండలీకరణముల నడుమ ముద్రించుచున్నారు.